మన మందుల డబ్బాలో యల్లాప్రగడ సుబ్బారావు గారు

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుడి జీవితం గురించి రాయమని మన సంఘం మిత్రులు అడిగినప్పుడు, విశ్వేశ్వరయ్య గారి గురించో కాటన్ దొర గురించో ఎవరో ఒకరు ఎలాగూ రాస్తారనుకున్నాను. నాకు మాత్రం మా ఇంటి మందుల డబ్బా గుర్తుకొచ్చింది. పింఛనుదార్ల ఇళ్ళలో దేవుడి గూడు తర్వాత అంత భద్రంగా చూసుకునేది అదే కదా! మా ఆవిడ కీళ్ళవాతానికి వాడే మాత్రలు రెండున్నాయి. ఆ రెండు మందులనూ మొదటిసారి తయారుచేసింది ఒకే పరిశోధనశాలలో. దాన్ని నడిపిన పెద్దమనిషి మన భీమవరంలో పుట్టినవాడు. విశాఖపట్నంలో ఆయన చదవలేదు, ఉద్యోగమూ చెయ్యలేదు. అయినా ఈ ఊళ్ళోనే ఒక మందుల ముడిసరుకుల ఫ్యాక్టరీలో హైడ్రోజనేషన్ షెడ్డులో 26 ఏళ్ళు పనిచేసిన నాకు, ఆయన కథ చదువుతున్నకొద్దీ నా పనే ఎదురవుతూ వచ్చింది.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న పుట్టారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లల్లో ఈయన నాలుగోవాడు. చదువు మీద మొదట్లో ధ్యాస తక్కువ. పదమూడో ఏట ఇంట్లో చెప్పకుండా కాశీకి బయలుదేరారు, అక్కడ యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు గడిద్దామని! తల్లి వెనక్కి రప్పించి మళ్ళీ బడిలో వేసింది. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మనవడికి మార్కులు తగ్గాయని బెంగపెట్టుకునే తాతలు ఈ ముక్క ఒకటికి రెండుసార్లు చదువుకోవచ్చు.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివే రోజుల్లో మనసు సన్యాసం వైపు పోయింది. రామకృష్ణ మఠంలో చేరదామనుకున్నారు. చివరికి మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీ గారి పిలుపు విని ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు కోటు వేసుకుని వెళ్ళేవారు. సర్జరీ ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డ్ దొరకి అది కంటగింపయింది. రాతపరీక్షలు బాగా రాసినా పూర్తి ఎం.బి.బి.ఎస్. డిగ్రీ చేతికి రాలేదు. దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా ఇచ్చి పంపేశారు. ఒక కోటు కోసం డిగ్రీ పోగొట్టుకున్న మనిషి అని మన లెక్కల్లో అంటాం గాని, ఆయన మాత్రం ఆ కోటు విప్పలేదు.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది డిగ్రీ కాదు, ఇంట్లో జరిగిన చావులు. ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. ఆయుర్వేదంలో దీన్ని గ్రహణి కింద చెబుతారు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం పలచబడి మనిషి ఎండుపుల్లలా తయారవుతాడు. తర్వాత సుబ్బారావు గారికే ఆ జబ్బు తగులుకుంది. ఇంగ్లీషు వైద్యం చదివిన మనిషిని చివరికి ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేదం బతికించింది. ఆ కృతజ్ఞతతోనే కాబోలు, లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం శరీరశాస్త్రం పాఠాలు చెప్పారు. ఆ జబ్బుకి మూలం ఏమిటో తేల్చాలన్న పట్టుదల మాత్రం మనసులో ఉండిపోయింది.

1919లో శేషగిరి గారితో పెళ్ళయింది. మామగారి సాయంతోనూ, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ అండతోనూ ఓడెక్కి, 1922 అక్టోబరు 26న బోస్టన్‌లో దిగారు. ఆయన వెళ్ళాక ఇక్కడ కొడుకు పుట్టాడు. ఏడాది నిండకుండానే పోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడనే లేదు. ఆయన మళ్ళీ ఈ దేశం రాలేదు, భార్యనూ చూడలేదు. ఇది ఎందుకిలా జరిగిందని నేను వాదించబోను. గొప్పవాళ్ళ జీవితచరిత్రల్లో ఇలాంటి సంగతిని ఒక వాక్యంలో దాటేస్తారు. ఆ ఒక వాక్యం శేషగిరి గారికి ఒక జీవితం.

హార్వర్డులో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా చదువుతూ, పొట్ట గడవడానికి రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పళ్ళేలు తీసే పని చేశారు. తర్వాత జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుడి దగ్గర చేరారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతి ఒకటి వాళ్ళిద్దరూ 1925లో ప్రకటించారు. దాన్ని నేటికీ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే అంటారు. మన సభ్యుల్లో బాయిలర్ల దగ్గర, నీటి లేబొరేటరీల్లో పనిచేసినవాళ్ళకి ఇది పాత స్నేహితుడే. బాయిలర్ నీళ్ళలో ఫాస్ఫేటు చూడటానికి మాలిబ్డేటు పోసి, ఆపైన ఎమైనో నాఫ్తాల్ సల్ఫానిక్ ఆమ్లం కలిపితే నీలం రంగు తేలుతుందే, ఆ నీలమే ఇది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో రోజుకి మూడుసార్లు ఆ నీలం చూసేవాణ్ణి. అందులో మనవాడి పేరుందని అప్పట్లో ఎవరూ చెప్పలేదు.

ఆ నీలం రంగు తేలడం క్షయకరణం. బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర పనిచేసిన మిత్రులకి ఈ మాట కొత్త కాదు. ముడిఖనిజంలోంచి ఆక్సిజన్ లాగెయ్యడం ఒక రకం క్షయకరణం. పదార్థంలోకి హైడ్రోజన్ ఎక్కించడం ఇంకో రకం. ఈ రెండో రకమే నేను పొట్ట పోసుకున్న పని.

ఆ పద్ధతి చేతికొచ్చాక సుబ్బారావు గారు కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని 1927లో, ఏ.టి.పి. ఉందని 1929లో ఫిస్కేతో కలిసి చూపించారు. ఒంట్లో శక్తి చేతులు మారే నాణెం లాంటిది ఏ.టి.పి. అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా దాన్ని కనుక్కున్నాడు. 1930లో డాక్టరేటు వచ్చింది. ఇంత చేసినా హార్వర్డులో శాశ్వత ఉద్యోగం దక్కలేదు. మన దగ్గర ఎన్నాళ్ళు చేసినా పర్మనెంటు కాని క్యాజువల్ వర్కర్లను చూసినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తుకొస్తుంది.

1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్ళారు. అది అమెరికన్ సయనమైడ్ వారిది. అక్కడ పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. మిగిలింది ఎనిమిదేళ్ళ ఆయుష్షు. చేసిన పని మాత్రం నలుగురి జీవితాలకు సరిపడేది.

మొదట చేపట్టింది తన అన్నదమ్ముల్ని తీసుకుపోయిన జబ్బుకి సంబంధించినదే. కాలేయంలో ఏదో పదార్థం పలచబడ్డ రక్తాన్ని బాగుచేస్తుందని అప్పటికే తెలుసు. లూసీ విల్స్ అనే డాక్టరమ్మ మన బొంబాయిలోనే గర్భవతుల మీద 1930 ప్రాంతాల్లో ఆ సంగతి గమనించింది. ఆ పదార్థమే ఫోలిక్ ఆమ్లం. కాలేయంలోంచి దాన్ని వేరుచేయడం సముద్రంలో సూది వెతకడమే. సుబ్బారావు గారి బృందం దాన్ని శుద్ధిచేసి, నిర్మాణం తేల్చి, 1945లో ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసింది. టామ్ స్పైస్ అనే వైద్యుడు క్యూబాలో స్ప్రూ రోగులకి ఆ మందు ఇస్తే, మంచాన పడ్డవాళ్ళు లేచి తిరిగారు. తమ్ముళ్ళో అన్నలో పోయిన పాతికేళ్ళ పైచిలుకు తర్వాత అన్నమాట.

ఇక్కడ కాస్త ఆగి నా షెడ్డులోకి తీసుకెళ్తాను, విసుక్కోకండి. ఫోలిక్ ఆమ్లం అణువులో మూడు ముక్కలుంటాయి. ఒక చివర టెరిడిన్, మధ్యలో పారా ఎమైనో బెంజాయిక్ ఆమ్లం, ఇంకో చివర గ్లుటామిక్ ఆమ్లం. మధ్య ముక్కని ఫ్యాక్టరీలో నేరుగా చెయ్యరు. ముందు నైట్రో పదార్థం చేసి, ఆ నైట్రోని ఎమైన్‌గా మారుస్తారు. పాతకాలంలో దీనికి ఇనప పొడి, ఆమ్లం వాడేవారు. టన్ను సరుకు చేస్తే అంతకు మించి ఎర్రటి బురద మిగిలేది. పారబోయడానికి చోటుండేది కాదు. అదే పని హైడ్రోజన్‌తో చేస్తే మిగిలేది నీళ్ళు. ఆడవాళ్ళకి సులువుగా చెప్పాలంటే, వేరుశనగ నూనెలోకి నికెల్ సాయంతో హైడ్రోజన్ ఎక్కిస్తే పేరుకుని డాల్డా అయినట్టే. నికెల్‌కి ఈ గుణం ఉందని ఫ్రాన్సులో పాల్ సబాటియర్ కనుక్కుని 1912లో నోబెల్ బహుమతి తీసుకున్నాడు. ముర్రే రేనీ అనే అమెరికా ఇంజనీరు నికెల్, అల్యూమినియం కలిపి కరిగించి, అల్యూమినియాన్ని క్షారంలో కరిగించేసి, తేనెపట్టులా రంధ్రాలున్న నికెల్ తయారుచేశాడు. మేము వాడింది అదే, రేనీ నికెల్.

ఆ నికెల్‌ని ఎప్పుడూ నీళ్ళలోనే ఉంచాలి. ఆరితే గాలి తగలగానే దానంతటదే అంటుకుంటుంది. ఆటోక్లేవులో సరుకు, నికెల్ వేసి మూత బిగించి, మూడుసార్లు నైట్రోజన్‌తో కడిగి, లీకు లేదని చూసుకుని, అప్పుడు ఎర్ర సిలిండరు వాల్వు తిప్పేవాళ్ళం. మామూలు సిలిండరుకి తిప్పినట్టు తిప్పితే బిగించదు, దాని మర ఎడమ వాటం. తర్వాత కళ్ళన్నీ గేజి మీదే. సరుకు హైడ్రోజన్ తాగుతున్నకొద్దీ ముల్లు దిగుతుంది, మళ్ళీ పెట్టాలి. వేడి పెరుగుతుంది, చల్లనీళ్ళు ఆగకూడదు. ముల్లు దిగడం మానేసిందంటే పని అయిపోయినట్టు. ఒక రాత్రి షిఫ్టులో ఫిల్టరు గుడ్డ తడపడం ఎవరో మరిచిపోయారు. గుడ్డ మీది నికెల్ రాజుకుని, పక్కనే ఉన్న మెథనాల్ ఆవిరి భగ్గుమంది. ఒక కుర్రాడి చేతులు రెండూ కాలాయి. నష్టపరిహారం కోసం వాడు చాలాకాలం తిరిగాడు. ఆ ఫ్యాక్టరీ పేరు ఇక్కడ అనవసరం. పల్లాడియం పొదిగిన బొగ్గు వాడే బ్యాచ్‌లు కూడా ఉండేవి. స్టోర్సు వాళ్ళకి అది బంగారంతో సమానం. వాడిన పొడి గ్రాములతో సహా తూకం వేసి తిరిగి ఇస్తే గాని షిఫ్టు దిగనిచ్చేవారు కాదు. మనుషుల చేతుల లెక్క అంత ఖచ్చితంగా చూసినట్టు నాకు జ్ఞాపకం లేదు.

సుబ్బారావు గారి మరో మందు మన తీరప్రాంతానికి మరీ దగ్గరిది. శ్రీకాకుళం నుంచి గోదావరి జిల్లాల దాకా బోదకాలు లేని ఊరు ఒకప్పుడు అరుదు. మా చిన్నప్పుడు వీధిలో ఏనుగుకాలుతో నడిచేవాళ్ళు ఇద్దరు ముగ్గురైనా కనపడేవారు. ఆ క్రిముల మీద పనిచేసే డైఇథైల్ కార్బమజైన్‌ని లెడర్లీలో ఆయన బృందం 1947లో ప్రకటించింది. హెట్రజాన్ అని వాళ్ళు పెట్టిన పేరు. మనకి బానోసైడ్ అంటే ఎక్కువ తెలుస్తుంది. 2004 నుంచి ప్రభుత్వం ఏటా ఇంటింటికీ వచ్చి దగ్గరుండి మింగించిన మాత్రల్లో అదొకటి. ఆ మందుకి మూలసరుకు మిథైల్ పైపరజిన్. పైపరజిన్‌కి ఫార్మాల్డిహైడ్ కలిపి, నికెల్ సమక్షంలో హైడ్రోజన్ పెట్టి దాన్ని తయారుచేస్తారు. ఈ సంగతి చదివిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. భీమవరం నుంచి పోయిన మనిషి తన ఊరి జబ్బుకి పెర్ల్ రివర్‌లో కూర్చుని మందు చేశాడు.

ఇక మా ఆవిడ మాత్రల సంగతి. ఫోలిక్ ఆమ్లం మనం మింగినట్టుగా ఒంట్లో పనిచెయ్యదు. మన ఒంట్లో ఒక ఎంజైము ఉంది. అది ఫోలిక్ ఆమ్లంలోకి రెండు విడతలుగా నాలుగు హైడ్రోజన్లు ఎక్కిస్తుంది. అప్పుడు గాని దానికి శక్తి రాదు. చూశారా, ఆటోక్లేవు లేదు, నికెల్ లేదు, ఒత్తిడి లేదు, ఒంటి వేడి మీదే జరిగిపోతుంది! కొత్త కణాలు పుట్టాలంటే ఈ పని జరగాల్సిందే. సుబ్బారావు గారి బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కొద్దిగా మార్చి, ఆ ఎంజైముని మోసం చేసి పట్టుకుని కూర్చునే పదార్థాలు తయారుచేసింది. వాటిలో మొదటిది ఎమైనాప్టెరిన్. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు దాన్ని రక్తక్యాన్సరు పిల్లలకి ఇచ్చాడు. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గిందని 1948 జూన్‌లో ప్రకటించాడు. తర్వాత మళ్ళీ తిరగబెట్టింది, నిజమే. కాని అంతకుముందు ఆ జబ్బు మందుకి లొంగడమన్నదే లేదు. దాని తమ్ముడే మెథోట్రెక్సేట్. నేడు కీళ్ళవాతానికి చిన్న మోతాదులో, వారానికి ఒక్కసారి ఇస్తారు. దాని వల్ల ఒంట్లో లోటు రాకుండా మిగతా రోజుల్లో ఫోలిక్ ఆమ్లం ఇస్తారు. ఒకటి హైడ్రోజన్ ఎక్కడాన్ని ఆపేది, రెండోది ఎక్కించుకోవలసిన సరుకు. రెండూ ఆయనవే.

మా ఇంట్లో రెండు మాత్రలూ చిన్నవి, పసుపు రంగువి. వారం రోజుల గదులున్న ప్లాస్టిక్ డబ్బాలో సర్దే పని నాది. బంధువుల పెళ్ళికి బయలుదేరే హడావిడిలో ఒకసారి ఒక స్ట్రిప్పుకి బదులు ఇంకో స్ట్రిప్పు తీశాను. ఆదివారం మింగాల్సిన మాత్ర ఆరు గదుల్లోనూ పడింది. నాలుగో రోజు ఆవిడ నోరు పూసింది. ఊరి నీళ్ళు పడలేదనుకున్నాం. ఆరో రోజుకి పెరుగన్నం కూడా దిగలేదు. విశాఖ తిరిగొచ్చి రక్తపరీక్ష చేయిస్తే తెల్లకణాలు అడుగంటాయి. డాక్టరు గారు డబ్బా తెప్పించి చూసి, నా వైపు చూశారు. ఆ చూపు ఇప్పటికీ మరిచిపోలేను. పాతికేళ్ళు సిలిండరు రంగు చూడకుండా వాల్వు ముట్టుకోని మనిషిని, ఇంట్లో స్ట్రిప్పు మీద పేరు చదవలేదు.

దానికి విరుగుడు ల్యూకోవోరిన్, అంటే ఫోలినిక్ ఆమ్లం. ఎంజైము చెయ్యాల్సిన పనిని ముందే ఫ్యాక్టరీలో చేసేసి, ఫోలిక్ ఆమ్లానికి ఉత్ప్రేరకంతో హైడ్రోజన్ ఎక్కించి తయారుచేసిన మందు. ఎంజైము కట్టుబడి ఉన్నా ఇది నేరుగా పనిలోకి దిగుతుంది. సుబ్బారావు గారు పోయిన మూడు నాలుగేళ్ళలోనే రసాయనవేత్తలు దాన్ని తయారుచేశారు. సూదిమందు ఎక్కుతున్న ఆ రాత్రులు మంచం పక్కన కూర్చుని, ఇలాంటి సరుకు ఏదో ఒక షెడ్డులో నాలాంటి వాడెవడో గేజి ముల్లు చూస్తూ చేసి ఉంటాడనుకున్నాను. పదకొండు రోజులకి ఇంటికి తెచ్చుకున్నాం. ఆ తీరికలోనే సుబ్బారావు గారి జీవితం మొదటి నుంచి చివరి దాకా చదివాను.

ఇళ్ళలో ఎవరైనా మెథోట్రెక్సేట్ వాడుతుంటే ఒక మనవి. అది రోజూ వేసుకునే మాత్ర కాదు. వారంలో ఏ రోజన్నది చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయించుకోండి. పొరపాటున ఎక్కువ పడితే నోరు పూసేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

సుబ్బారావు గారు 1948 ఆగస్టులో నిద్రలోనే గుండె ఆగి పోయారు. 53 ఏళ్ళు. బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ శాస్త్రవేత్త ఆయన విభాగంలోనే మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసిన ఆరియోమైసిన్‌ని అంతకు కొద్ది వారాల ముందే లోకానికి ప్రకటించారు. ఈ డగ్గర్ గారు డెబ్భై దాటాక, ఒకచోట పదవీవిరమణ చేసి వచ్చి ఈ పని చేశారని మన సభ్యులకి ప్రత్యేకంగా చెప్పాలి. ఆరియోమైసిన్ అణువులో ఒక క్లోరిన్ ఉంది. పల్లాడియం పొదిగిన బొగ్గు వేసి హైడ్రోజన్ పెడితే ఆ క్లోరిన్ ఊడి, దాని చోట హైడ్రోజన్ వచ్చి కూర్చుంటుంది. అప్పుడు తేలేది టెట్రాసైక్లిన్. ఫైజర్ కంపెనీలో లాయిడ్ కోనోవర్, లెడర్లీలో సుబ్బారావు గారి తర్వాతివాళ్ళు ఈ పని చేశారు. 1953లో ఆ సంగతి బయటకొచ్చింది. మన తరంలో జ్వరానికో, కురుపుకో ఆ క్యాప్సూలు మింగనివాళ్ళు ఉండరు.

ఆయన పేరుతో ఒక బూజు జాతికి 1953లో సుబ్బారోమైసెస్ అని నామకరణం చేశారు. శతజయంతి సందర్భంగా 1995లో మన తపాలాశాఖ స్టాంపు వేసింది. ఆ స్టాంపు నా దగ్గర ఒకటుంది. మా ఆవిడ దాన్ని డబ్బా మూత లోపలివైపు అంటించమంది, అంటించాను. ఆదివారం మాత్ర ఇప్పుడు ఆ డబ్బాలో ఉండదు. వేరే చిన్న స్టీలు డబ్బాలో మా కోడలి దగ్గర ఉంటుంది. ఆదివారం పొద్దున్న కాఫీ అయ్యాక తనే తెచ్చి ఇస్తుంది, నేను స్ట్రిప్పు మీద పేరు పైకి చదువుతాను, అప్పుడు ఆవిడ మింగుతుంది.